కిలోమీటరు ధర 22 రూపాయలు ఎందుకు చేస్తున్నామంటే

మా దగ్గర బండ్లు మాట్లాడుకునే కుటుంబాలన్నింటికీ నమస్కారం. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మా ఇన్నోవా క్రిస్టా బండ్లకు కిలోమీటరు ధర 20 రూపాయల నుంచి 22 రూపాయలకు పెరుగుతుంది. డ్రైవర్ బత్తా మారదు. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి పాత ధరే వర్తిస్తుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద బండ్ల మీద పన్ను, సెస్సుతో కలిపి 50 శాతం ఉన్నది 40 శాతానికి దిగింది కదా, బండ్లు చౌకైన కాలంలో మీరు ధర పెంచడమేమిటని కొందరు సూటిగా అడిగారు. అడగవలసిన మాటే అది. పన్ను తగ్గింది కొత్తగా కొనే బండి మీద. షోరూంలో 20 లక్షలున్న బండి సుమారు 1,33,000 తగ్గిందనుకుంటే, తొమ్మిదిన్నర శాతం వడ్డీతో అయిదేళ్ల అప్పు మీద నెల వాయిదాలో తేడా 2,800 రూపాయలు. మా రెండు బండ్లూ అంతకు ముందే కొన్నవి. ఒక్కోదానికి 42,000 వాయిదా ఇంకా కడుతూనే ఉన్నాము. విజయవాడ నుంచి తిరుమలకు రానూపోనూ 850 కిలోమీటర్లు దాటుతుంది. ఏడుగురు మనుషులు, సామాను, ఆపకుండా ఏసీ, పైన ఘాటు రోడ్డు కలిస్తే లీటరుకు 11 కిలోమీటర్లకు మించి రాదు కనుక, లీటరు 97 రూపాయల చొప్పున ఒక్క డీజిలుకే 7,500 అవుతుంది. మిగిలిన దానిలోనే ఇన్సూరెన్సు, పర్మిట్టు, ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు), సర్వీసు, డ్రైవర్ జీతం, వాయిదా అన్నీ రావాలి.

అయినా ఈ పెంపుకు అసలు కారణం టైర్లు. ధర పెంచకూడదన్న పట్టుదలతో నిరుడు ఒక బండికి టైర్ల మార్పును రెండు నెలలు వాయిదా వేశాను. నాలుగు టైర్లకు దాదాపు 40,000 అవుతుంది, ఇంకో నాలుగు ట్రిప్పులు తిరిగాక చూద్దామనుకున్నాను. మే నెల ఎండలో నెల్లూరు దాటాక వెనుక ఎడమ టైరు పేలింది. స్టెప్నీ తీసి చూస్తే దాని బటన్లూ (రోడ్డును పట్టే రబ్బరు గట్లు) అరిగి, ఒక అంచున తీగ కనిపిస్తోంది. దాన్ని వేసి పిల్లలను ఎక్కించుకోవడానికి మా డ్రైవర్ ఒప్పుకోలేదు, అతను చేసింది సరైన పని. వేరే టైరు వచ్చేదాకా ఆ కుటుంబంలోని పెద్దావిడ రోడ్డు పక్క చెట్టు కింద రెండు గంటలు కూర్చోవలసి వచ్చింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. తప్పు పూర్తిగా నాది. వారికి ట్రిప్పు డబ్బు తిరిగి ఇచ్చాను. ఇకమీదట 40,000 కిలోమీటర్లు తిరగగానే, టైరు ఎలా కనిపించినా, స్టెప్నీతో సహా అయిదూ మారుస్తాము. పెంచిన 2 రూపాయలలో ఎక్కువ భాగం పోయేది అక్కడికే.

ధర పెరిగితే మేమే ఒక పెద్ద బండి కొనుక్కుంటాము అన్నవారికి నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. ఏడాదికి మూడు నాలుగు యాత్రలు, మొత్తం 3,000 కిలోమీటర్లు తిరిగే ఇంటికి మా కొత్త ధరతో 66,000, దానిపైన బత్తా, టోలు అవుతాయి; సొంత క్రిస్టాకైతే రెండు నెలల వాయిదాకే 84,000 కావాలి. అలాంటివారు కొనవద్దు. ఇంట్లో ఆరేడుగురుండి, బడికీ ఆసుపత్రికీ రోజూ బండి తీయవలసినవారి సంగతి వేరు, వారికి సొంత బండే మేలు. అలాంటప్పుడు కూడా దాదాపు సగం ధరకు వచ్చే ఎర్టిగాను ముందు చూడండి. గ్యాసుతో నడిచే సీఎన్‌జీ రకం తీసుకుంటే వెనుక సామాను చోటు సిలిండరుకే పోతుందని, మూడో వరుసలో పెద్దవాళ్లు దూరం కూర్చోలేరని మాత్రం మరవకండి.

టైర్లు మార్చిన తేదీ, అప్పటి మీటరు రీడింగు రాసిన కార్డు రెండు బండ్లలోనూ డాష్‌బోర్డు మీద అతికించాము. బయలుదేరే ముందు అది చదవండి, డిక్కీ తెరిపించి స్టెప్నీ కూడా చూడండి. చూపించడానికి మా డ్రైవర్ తటపటాయిస్తే బండి ఎక్కకుండా నాకు ఫోను చేయండి.