మనింట్లో ఉండిపోయే లేసు

డబ్లిన్,
డిసెంబరు 14

అమ్మా,

నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారనుకుంటాను. రోజూ ఫోనులో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరమేంటే అంటావని తెలుసు. ఫోనులో నువ్వు "తిన్నావా, డ్యూటీ ఉందా" అని అడిగేలోపే చెల్లి అందుకుంటుంది, పాప ఏడుస్తుంది, చెప్పాలనుకున్నది మిగిలిపోతుంది. మా వార్డులో పనిచేసే భీమవరం అమ్మాయి సంక్రాంతికి ఇంటికి వస్తోంది. ఆ అమ్మాయితో ఒక అట్టపెట్టె పంపిస్తున్నాను. పాలకొల్లు వెళ్లి నాన్న తీసుకుంటే సరిపోతుంది. పెట్టె తెరిచేముందు ఈ ఉత్తరం మొత్తం చదువు.

పెట్టెలో ఉన్నవన్నీ నేను అల్లినవే. నీ సూదితో కాదులే, ఇక్కడ కొన్న సూదితో. కానీ పట్టు నీదే. ఎడమ చిటికెన వేలికి దారం ఒక చుట్టు చుట్టి, చూపుడువేలి మీదుగా తీసి, మధ్యవేలితో పని ఆనించి పట్టుకోవడం నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పదిహేడేళ్లు నీ పక్కన కూర్చుని చూసిన చేతులు వాటంతటవే అలా తిరిగాయి. ఇక్కడ డిసెంబరులో నాలుగు దాటితే చీకటి. డ్యూటీ లేని రోజుల్లో ఆ సాయంత్రాలు గడవడానికి మొదలుపెట్టిన పని, అక్టోబరులో ఒక చోటికి వెళ్లొచ్చాక ఇంకోలా అయిపోయింది. ఆ సంగతే చెప్పాలి.

ఇక్కడ ఐర్లండులోనే మోనహన్ జిల్లాలో క్లోనిస్ అని చిన్న ఊరుంది. ఒకప్పుడు పడవలు తిరిగిన కాలువ ఒడ్డున పాత సరుకుల గోడౌను ఉంటే, అందులో లేసు పెట్టి చూపిస్తున్నారు. ఈ దేశంలో 1845లో బంగాళాదుంప పంటకి తెగులు పట్టింది. ఆ కరువు ఏళ్ల తరబడి సాగింది. ఆకలితో, జబ్బులతో పోయినవాళ్లు పది లక్షల మంది దాకా. ఓడలెక్కి వెళ్లిపోయినవాళ్లు కూడా అంతకు తక్కువేం కాదు. ఆ కరువులోనే, 1847లో, ఆ ఊరి పాస్టరు గారి భార్య కసాండ్రా హ్యాండ్ అనే ఆవిడ పేదింటి ఆడవాళ్లకి క్రోషే అల్లిక నేర్పించే ఏర్పాటు చేసిందట. అల్లింది అమ్ముకుని ఇళ్లు నిలబెట్టుకున్నారు. మన వైపు మిషనరీ దొరసానులు లేసు నేర్పింది కూడా అటూ ఇటూగా ఆ కాలంలోనే అంటారు కదా.

అద్దాల వెనకాల ఉన్న లేసు చూసి నేను కదల్లేకపోయాను. గులాబీలు, ఆకులు విడివిడిగా అల్లి, తర్వాత వల లాంటి అల్లికతో కలిపేశారు. మన అతుకుపనేనమ్మా, అచ్చం అదే! పువ్వు అల్లేది ఒకరు, అతికేది ఇంకొకరు. ఒక్కటి మాత్రం నువ్వెప్పుడూ వేయగా చూడలేదు. సూదికి దారం పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి, అలా పదీ పన్నెండు చుట్లు చుట్టి, అన్ని చుట్లలోంచీ ఒక్కసారిగా దారం లాగేస్తారు. మిరియపు గింజలా గుండ్రంగా ముడి నిలుస్తుంది. దాన్ని క్లోనిస్ ముడి అంటారు. నాకు కుదరడానికి మూడు వారాలు పట్టింది. నువ్వైతే ఒక పూటలో పట్టేస్తావు.

అక్కడున్న పెద్దావిడతో మా అమ్మ కూడా లేసు అల్లేది అన్నాను. ఆవిడ సంబరపడి, అయితే మీ ఇంట్లో మీ అమ్మగారు అల్లినవి ఏమేం ఉన్నాయి అని అడిగింది. ఇల్లంతా కళ్లముందు తిప్పుకున్నాను. టీవీ మీద, బీరువా మీద, దేవుడి గూట్లో, మంచం మీద. ఒక్కటీ లేదు. ముప్పై ఏళ్లు అల్లావు, నీ చేతి లేసు మనింట్లో జానెడు కూడా లేదు.

ఆ రాత్రి బస్సులో వస్తూ అన్నీ గుర్తొచ్చాయి. అన్నం వార్చి, కూర దింపి నువ్వు అరుగు మీదకొస్తే పిన్నీ, పక్కింటి అత్తా, వాళ్ల కోడలూ అప్పటికే కూర్చుని ఉండేవాళ్లు. అందరి చేతుల్లోనూ తెల్లదారమే. ఉండ దొర్లి మట్టి అంటకుండా స్టీలు చెంబులో వేసేదానివి. దారం లాగినప్పుడల్లా చెంబులో ఉండ తిరిగి టకటకమనేది. రాత్రి దీపం దగ్గర ఆ చప్పుడు ఆగిందంటే నీకు కునుకు పట్టిందని నాకు తెలిసేది. మళ్లీ మొదలయ్యేది.

1996 గాలివాన నాకు బాగా గుర్తు. నవంబరు 6, దీపావళికి నాలుగు రోజులుందనగా. తెల్లారేసరికి మన తోటలో నలభై చెట్లకి ఏడు నిలబడి ఉన్నాయి. నాన్న పడిపోయిన చెట్ల మధ్య అలా కూర్చుండిపోయాడు. కొబ్బరి మొక్క పెట్టి కాయ చూడాలంటే ఆరేడేళ్లు. ఆ ఆరేడేళ్లూ ఇల్లు నాన్న కూలి మీద సగం, నీ సూది మీద సగం నడిచింది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లి లేసు అప్పజెప్పి, దారం తెచ్చుకునేదానివి. గోదారి గాలికి మూట ఎగిరి తడుస్తుందేమోనని ఒళ్లో పెట్టుకుని పైట కప్పేదానివి, పసిపిల్లని కప్పినట్టు.

ఆ మరుసటి వేసవిలో మామిడి తాండ్ర తిన్న చేత్తో నేను టేబులు మ్యాటు పట్టుకున్నాను. నన్ను ఒక్క మాట అనలేదు నువ్వు. నిమ్మకాయ, ఉప్పు రాసి ఎండలో ఆరేశావు. మరక పలచబడింది గానీ పోలేదు. ఏజెంటు దాన్ని వేలితో చూపించి పక్కకి పడేశాడు, దారం ఖరీదు నీ కూలిలో పట్టుకున్నాడు. పోనీ ఆ ఒక్క మ్యాటైనా మనింట్లో మిగలాల్సింది. ఆ రాత్రే విప్పేసి, మరక ఉన్న మూరెడు దారం కత్తిరించి, మిగతాది ఉండ చుట్టేశావు. దారం దండగ చేయకూడదు కదా. నాకు ఎనిమిదేళ్లు. దుప్పటి కింద నుంచి చూస్తూనే ఉన్నాను. అది ఇన్నేళ్లకి నీతో చెబుతున్నాను.

ఇప్పుడు పెట్టె తెరువు.

పైన ఉన్నది పాప టోపీ, కాలిజోళ్లు. మొదట ఉన్నితో మొదలుపెట్టి సగంలో మానేశాను. మన ఉక్కకి పసిపిల్లకి ఉన్ని ఏంటని మళ్లీ మెత్తటి నూలుదారంతో అల్లాను. పూసలు, వేలాడే పూలు కావాలనే పెట్టలేదు, పిల్ల నోట్లో పెట్టుకుంటుంది. కాలిజోళ్ల లోపల పోగు వదులుగా లేకుండా చూశాను. అయినా తొడిగే ముందు తిరగేసి చూడమని చెల్లికి చెప్పు. పసిపిల్లల కాలివేళ్లకి దారం చుట్టుకుంటే రక్తం ఆడదు, పైకి కనపడదు కూడా.

నాన్నకి కళ్లజోడు సంచి. చొక్కా జేబులో పట్టేలా కొలిచే అల్లాను.

తోరణం సింహద్వారానికి కాదు, దేవుడి గదికి. పదకొండు మావిడాకులు. ఒక్కో ఆకుకీ పద్దెనిమిది చైన్లు వేసి, ఒక పక్కన పొట్టి కుట్టుతో మొదలుపెట్టి, మధ్యలో పొడుగు కుట్లు వేసి, మళ్లీ పొట్టి కుట్టుకి తగ్గించి, కొస దగ్గర చిన్న ముడి వేసి రెండో పక్కన వెనక్కి వచ్చాను. మొదట వేసిన చైను నడుమ ఈనెలా నిలబడుతుంది, వేలితో తడిమి చూడు. గంజి పెట్టడం కూడా నీ పద్ధతే. వార్చిన గంజి పలచన చేసి ముంచి, తువ్వాలు మీద గుండుసూదులతో ఆకారానికి గుచ్చి ఆరబెట్టాను. ఇక్కడ ఎండ లేదు కదా, గది వెచ్చబెట్టే రేడియేటరు పక్కన రెండు రోజులు పట్టింది. వానాకాలం ముందు గంజి పోయేలా ఉతికి దాచు. లేకపోతే బూజు పడుతుంది, పురుగు కొడుతుంది.

అన్నిటికంటే అడుగున తెల్ల కాగితంలో చుట్టింది నీకు. కాగితం విప్పగానే గుర్తుపడతావు. అమ్మమ్మ నీలం గళ్ల నేతచీర. ఆవిడ పోయాక నేను ఇక్కడికి వచ్చేటప్పుడు ఒక ముక్క తెచ్చుకున్నానని నీకు చెప్పలేదు. బట్ట నలిగిపోయి ఉంది, సూది నేరుగా గుచ్చితే చిరిగిపోతుంది. అందుకని అంచు సన్నగా మడిచి, చుట్టూ కాజా కుట్టు వేసి, ఆ కుట్టులోంచి లేసు ఎత్తాను. నాలుగు అంగుళాల చదరం చుట్టూ నాలుగు వరసలు, మధ్యమధ్య క్లోనిస్ ముళ్లు. ఒక మూల కుట్టు కాస్త బిగిసింది, విప్పడానికి ప్రయత్నిస్తే బట్ట లాగేసింది, అలాగే ఉంచేశాను. దాన్ని ఇస్త్రీ చేయకు. ఎవరికీ ఇవ్వకు. బీరువాలో పెట్టినా పర్వాలేదు, మనింట్లో ఉంటే చాలు.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు, అదే ఆ ప్రాంతం పనేనని చెప్పే జీఐ ముద్ర, వచ్చిందని పేపర్లో చదివి నీకు ఫోను చేశాను, గుర్తుందా? "మరి కూలి పెరుగుద్దంటావా?" అని అడిగావు. నా దగ్గర జవాబు లేదు. గుర్తింపు వచ్చినందుకు నాకు నిజంగా సంతోషమే. నాకు ఇంకా నీ ప్రశ్నే వినపడుతోంది. అరుగు మీద కూర్చునే పిన్నికీ, అత్తకీ చేతికొచ్చేది ఎంతో, ఆ లేసు మీద ధర మారడం కంటే అది మారడం ముఖ్యమని నాకూ అనిపిస్తుంది. పిన్ని ఇంకా అల్లుతోందా? తన దగ్గర నేను డబ్బిచ్చి కొనుక్కుంటానని చెప్పు. ఏజెంటు ఇచ్చే లెక్కన కాదు, ఎన్ని రోజులు పట్టిందో ఆ లెక్కన. ఇక్కడ నా స్నేహితులు కూడా అడుగుతున్నారు.

కంటి ఆపరేషన్ అయ్యాక నువ్వు సూది ముట్టలేదు. ముట్టమని బలవంతపెట్టను. కానీ పెట్టెలో ఇంకో రెండు వస్తువులున్నాయి. లావు దారం ఉండ ఒకటి, రెండున్నర మిల్లీమీటర్ల సూది ఒకటి. దాని పిడి మెత్తగా ఉంటుంది, వేలు నొక్కుకోదు. దారం క్రీము రంగుది, పగటి వెలుతురులో పోగు స్పష్టంగా కనిపిస్తుంది. అరుగు మీద కూర్చుని, నీకు కుదిరినప్పుడు, కుదిరినన్నాళ్లకి, ఒక్క పువ్వు అల్లు. ఆరు రేకులదైనా సరే, ఎనిమిదిదైనా సరే, నీ ఇష్టం. కొలత ఎవరూ చూడరు, మరక ఎవరూ వెతకరు. కూలికి అల్లే పువ్వు కాదు, నాకు అల్లే పువ్వు.

అయిపోయాక దారం మొదటికంటా కోసేయకు. ఒక జానెడు వదులు, ఇక్కడ నా దాంట్లో అతుక్కుంటాను.

నీ పెద్దమ్మాయి