ఇన్‌హేలర్, ఇన్సులిన్ తీసుకునేవారికి: ఈ నెల నుంచి మా కౌంటర్లో మారేవి

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చెన్నై ఆసుపత్రులకు వచ్చి, పోతూ పోతూ మూడు నెలల మందులు మా దగ్గర కట్టించుకునేవారు చాలామంది. రాసిన కంపెనీది లేకపోతే "అదే మందమ్మా, వేరే కంపెనీది" అని చెప్పే అలవాటు మాకూ ఉంది. ఇన్‌హేలర్లు, ఇన్సులిన్‌ల విషయంలో ఆ మాట ఇకపై అనం. రాసిన డాక్టరుతో ఫోన్లో మాట్లాడితేనే మార్చి ఇస్తాం. దీనివల్ల మీకు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి ఒట్టి చేతులతో వెళ్లాల్సి వస్తుంది. మాకూ బేరం పోతుంది.

ముందు ఇన్సులిన్ సంగతి. సీసాలు రెండు బలాల్లో వస్తాయి: మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. సిరంజిలూ రెండు రకాలే. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగారనుకోండి, లోపలికి వచ్చేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. రెండున్నర రెట్లు! మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు. తిరగేసి, 40 సీసాకి నారింజ సిరంజి వాడితే 20 గీత దగ్గర వచ్చేది 8 యూనిట్లే. షుగరు దిగదు, డాక్టరు డోసు పెంచుతారు, అసలు తప్పు సిరంజిలో ఉందని ఎవరికీ తట్టదు. ఊళ్లో ఇంటి దగ్గర 40 సీసా, ఇక్కడ రాసింది 100 అయినవాళ్ల ఇళ్లలో ఈ రెండూ కలిసిపోతాయి. ఇన్నాళ్లూ సిరంజి అడిగితే సిరంజి ఇచ్చేశాం, సీసా ఏదని అడగలేదు. అది మా తప్పే. ఇకపై సీసా గానీ, దాని ఫోటో గానీ చూపిస్తేనే ఇస్తాం.

తేటగా కనిపించే ఇన్సులిన్‌లన్నీ ఒకటి కావు. రెగ్యులర్ ఇన్సులిన్‌లో అణువులు ఆరేసి గుంపుగా ఉంటాయి. అవి విడిపోయి రక్తంలోకి చేరడానికి టైము పడుతుంది కాబట్టి భోజనానికి అరగంట ముందు వేసుకోమంటారు. లిస్‌ప్రో, ఆస్పార్ట్ త్వరగా విడిపోయేలా మార్చినవి. వేసుకుని అరగంట ఆగితే ఆ మధ్యలోనే షుగరు పడిపోవచ్చు. గ్లార్జిన్ కూడా తేటగానే ఉంటుంది, కానీ అది ఆమ్ల ద్రావణం, పీహెచ్ 4 దగ్గర. చర్మం కిందికి వెళ్లాక ఆ పులుపు విరిగి, మందు సన్నని రవ్వలా పేరుకుంటుంది, తర్వాత రోజంతా కొద్దికొద్దిగా కరుగుతుంది. ఒక పోటు తగ్గుతుందని దాన్ని వేరే ఇన్సులిన్‌తో ఒకే సిరంజిలో కలిపితే ఆ పేరుకోవడం సిరంజిలోనే మొదలవుతుంది. రెండు రకాలు ముందే కలిపి వచ్చే 30/70 ఇన్సులిన్ మాత్రం తెల్లగా, అడుగున పేరుకుని ఉంటుంది. అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేసి వాడాలి. గిలక్కొడితే నురగ వస్తుంది, డోసు తప్పుతుంది.

ప్యాకింగులో ఒకటి మార్చాం. ఐసు ముక్కలు ఇన్సులిన్ పెట్టెకు తగలకుండా మధ్యలో అట్ట పెడుతున్నాం. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించవచ్చు, దాన్ని మాత్రం నమ్మకూడదు. ఇంటికెళ్లాక ఫ్రీజరు అరకు దూరంగా పెట్టండి.

ఇక ఇన్‌హేలర్లు. ఆయాసానికి వాడే సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములుంటే, ఒక పఫ్ 100 మైక్రోగ్రాములు, నలభయ్యో వంతు. నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టే అంత తక్కువ సరిపోతుంది. అయితే తుంపర 1 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఉండాలి. పెద్దదైతే గొంతులోనే అంటుకుంటుంది, మరీ సన్ననిదైతే ఊపిరితో బయటికి వచ్చేస్తుంది. మందు, పరికరం కలిపి చేసిన లెక్క అది.

గ్యాస్ పంపు అయితే మెల్లగా, మూడు నుంచి ఐదు సెకన్ల పాటు పీల్చి, పది సెకన్లు బిగబట్టాలి. రోటాహేలర్ అంటే క్యాప్సూల్ వేసి పొడి పీల్చే పరికరం, దానిలో గ్యాస్ ఉండదు. మందు పొడి లాక్టోజ్ రేణువులకు అంటుకుని ఉంటుంది, మీ ఊపిరి జోరే దాన్ని విడదీయాలి. కాబట్టి ఒక్కసారిగా గట్టిగా లాగాలి. రెండు పద్ధతులూ పూర్తిగా ఎదురు. పంపు అలవాటైనవారికి పొడి ఇచ్చి పంపితే మందు సగం లోపలికి పోదు, "ఈ కంపెనీది పనిచేయలేదు" అంటారు. ఆ క్యాప్సూల్‌ను మాత్రలా మింగేసేవారూ ఉన్నారు! చెన్నై గాలిలో తేమ సంగతి తెలిసిందేగా, పొడి ఉండకడితే ఎంత లాగినా విడదు. క్యాప్సూల్స్ వేరే డబ్బాలోకి మార్చొద్దు, పరికరంలోకి ఊపిరి వదలొద్దు.

పంపుకు తగిలించే ప్లాస్టిక్ గొట్టాన్ని, అంటే స్పేసర్‌ను గుడ్డతో తుడవమని మేమే చెప్పేవాళ్లం. అలా చెప్పకుండా ఉండాల్సింది. తుడిస్తే ప్లాస్టిక్‌కు స్టాటిక్ కరెంటు పుట్టి మందు గోడలకు అంటుకుంటుంది. గిన్నెలు తోమే సబ్బునీళ్లలో ముంచి తీసి, తుడవకుండా ఆరనివ్వండి. స్టిరాయిడ్ పఫ్ తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయడం మరవకండి.

మందును తుంపరగా చేసి పీల్పించే మెషిన్ నెబ్యులైజర్. దానిలో బుడెసొనైడ్ అనే స్టిరాయిడ్ వాడేవారికి అల్ట్రాసోనిక్ రకం పనికిరాదు. ఆ మందు నీళ్లలో తేలే సన్నని రేణువులు. మెషిన్ నీటిని తుంపరగా చేసి మందును చాలావరకు గిన్నెలోనే వదిలేస్తుంది. చప్పుడు చేసినా సరే, కంప్రెసర్ రకమే వాడండి. మా దగ్గర అల్ట్రాసోనిక్‌ది కొని ఇదే మందు వాడుతున్నవారు బిల్లుతో తెస్తే కంప్రెసర్ రకానికి మార్చి ఇస్తాం, తేడా డబ్బులే తీసుకుంటాం.

సాయంత్రం ఆరు దాటాక రద్దీ. ఇన్‌హేలర్ పట్టడం చూపించమనేవారు ఉదయం రండి. మందు లేని డెమో పంపు, రోటాహేలర్ రెండూ కౌంటర్లో పెట్టాం. వచ్చేటప్పుడు పాత ప్యాకెట్ తెచ్చుకోండి.