తెలుగులో ఒక నోటీసు ఇప్పించండి

గౌరవనీయులైన గజపతి జిల్లా (ఒడిశా) కలెక్టర్ గారికి,

ఈమధ్యే పోయిన మా పీఆర్వో గారి గురించి రాస్తున్నాను. కంపెనీ పేరు పేపర్లో రప్పించడం ఆయన ఉద్యోగం. మనసంతా పర్లాకిమిడి బడుల మీదే. సాయంత్రమైతే సైకిలుకు కరపత్రాల సంచీ. ఒకవైపు ఒడియా, రెండోవైపు తెలుగు. మైకు పట్టేవారు కాదు. అరుగు మీద కూర్చుని, "అమ్మా, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం ఆడవాళ్లు" అనేవారు. టీ ఇస్తే గానీ లేచేవారు కాదు, అది వేరే సంగతి.

ఆయన పోయాక కమిటీ నోటీసు ఒడియాలోనే అంటించారు. మా పక్కింటావిడ చదవలేక మీటింగుకే వెళ్లలేదు. ఒక భాష మాట్లాడేవాళ్లు తక్కువమంది ఉన్నచోట వాళ్ల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్యకు వీలు కల్పించమంది రాజ్యాంగం 350ఎ అధికరణం. వాళ్ల తల్లులకు నోటీసైనా తెలుగులో ఇప్పించండి. ఆయన కరపత్రం ఒకటి నా దగ్గరుంది, పంపమంటే పంపుతాను.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి