హైడ్రోజన్ బంధం ఎక్కడుందో కూడా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ విద్యార్థుల కోసం మీరు ఇటీవల ప్రచురించిన రసాయనశాస్త్ర పాఠంలో హైడ్రోజన్ బంధం గురించి, అది ఉంటే ద్రవీభవన, మరుగు స్థానాలు పెరుగుతాయన్న ఒక్క వాక్యమే ఉంది. అది తప్పు కాదు గానీ, సగమే. ఆ బంధం అణువుల మధ్య ఉందా, ఒకే అణువు లోపల ఉందా అన్నది మిగతా సగం. అది తెలియని పిల్లలు పాఠంలోని వాక్యాన్ని అన్నిచోట్లా ఒకేలా అన్వయించి పొరబడటం ఈ పాఠం ఏళ్ల తరబడి చెప్పినవాడిగా చూశాను.

నీటి సంగతి అందరూ చెప్పేదే. ఆక్సిజన్ గ్రూపులో కింద ఉన్న సల్ఫర్, సెలీనియం, టెల్లూరియంల హైడ్రైడ్లు (హైడ్రోజన్‌తో ఏర్పడే సమ్మేళనాలు) సుమారు –60, –41, –2 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతాయి. ఆ వరుసలో ఇంకా తక్కువ వద్ద మరగవలసిన నీరు 100 డిగ్రీల దాకా ద్రవంగా నిలవడానికి కారణం, ఒక అణువులోని హైడ్రోజన్‌ను పక్క అణువులోని ఆక్సిజన్ ఆకర్షించి పట్టుకోవడం; అదే హైడ్రోజన్ బంధం. మరిగేటప్పుడు తెగేది ఈ పట్టే తప్ప అణువు లోపలి ఆక్సిజన్–హైడ్రోజన్ బంధం కాదు. ఇక్కడే చాలామంది విద్యార్థులు తడబడతారు.

బంధం బలాన్ని మాత్రమే చూసినా చాలదు. ఫ్లోరిన్‌కు ఋణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం) ఆక్సిజన్ కన్నా ఎక్కువైనా హైడ్రోజన్ ఫ్లోరైడ్ 19.5 డిగ్రీలకే మరుగుతుంది. నీటి అణువు తన రెండు హైడ్రోజన్లతోనూ, ఆక్సిజన్‌పై ఉన్న రెండు ఒంటరి జంటలతోనూ (బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జతలు) కలిపి నాలుగు బంధాల వరకు ఏర్పరచగలదు. హైడ్రోజన్ ఫ్లోరైడ్ అణువుకు ఉన్నది ఒక్క హైడ్రోజనే. పైగా దాని అణువులు ఆవిరిలోనూ కొంతమేర గుంపులుగానే ఉంటాయి కాబట్టి, మరగడానికి బంధాలన్నీ తెగనక్కర్లేదు.

అసలు చెప్పవలసింది, బెంజీన్ వలయంపై ఒక హైడ్రాక్సిల్ (OH), ఒక నైట్రో (NO₂) సమూహం ఉన్న నైట్రోఫినాల్ గురించి. ఆ సమూహాలు పక్కపక్కన ఉండే ఆర్థో, ఎదురెదురుగా ఉండే పారా రూపాలు రెండింటికీ ఫార్ములా ఒకటే, రెండింటిలోనూ హైడ్రోజన్ బంధం ఉంది. అయినా ఆర్థో సుమారు 45 డిగ్రీలకు, పారా 114 డిగ్రీలకు కరుగుతాయి. ఆర్థోలో హైడ్రాక్సిల్ హైడ్రోజన్, పక్కనే ఉన్న నైట్రో ఆక్సిజన్‌తో అదే అణువు లోపల వలయంలా ముడిపడుతుంది గనుక ఇరుగుపొరుగు అణువులతో దానికి బంధం తగ్గిపోతుంది. పారాలో ఆ రెండూ దూరంగా ఉండటం వల్ల అణువుకు అణువు తగులుకొని గొలుసులా సాగుతాయి. ఫినాల్‌పై సజల నత్రికామ్లం చర్యతో వచ్చిన మిశ్రమంలోకి నీటి ఆవిరిని పంపితే ఆర్థో ఒక్కటే ఆవిరితో పాటు వెళ్లి, కండెన్సర్ గొట్టంలో పసుపు స్ఫటికాలుగా పేరుకుంటుంది. అది కళ్లారా చూసిన విద్యార్థికి ఈ తేడా మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఈ పాఠం తిరిగి ప్రచురించేటప్పుడు 45, 114 అంకెలను పక్కపక్కన వేసి, ఆ రెండు అణువుల బొమ్మలు కూడా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు