బర్గర్ బిల్లులో ఆ 248 రూపాయలు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల క్రితం మీ ఆదివారం సంచికలో నగరంలోని కొత్త బర్గర్ రెస్టారెంట్ల గురించి నిండు పేజీ కథనం వేశారు. బన్ను ఎంత మెత్తగా ఉంటుందో, లోపలి ప్యాటీని ఎలా కాలుస్తారో, ఏ రోడ్డులో ఏ హోటలు ఉందో అన్నీ రాశారు. బిల్లు గురించి, వడ్డించినందుకని అందులో కలిపే సర్వీస్ చార్జీ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ ఉత్తరం. అప్పుడే రాయవలసింది, కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు.

ఆ కథనం చూసే మా మనవరాలు అడిగింది. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల, కాదనలేకపోయాను. నేను, మా ఆవిడ, మనవరాలు, దాని తమ్ముడు తార్నాకలో మెట్రో ఎక్కి పెద్దమ్మగుడి స్టేషన్‌లో దిగి నడక మొదలుపెట్టాం. ఫుట్‌పాత్ మీద అడుగు పెట్టే చోటు లేదు. హోటళ్లకు వచ్చినవారి కార్లను అక్కడి కుర్రాళ్లు తాళాలు తీసుకుని వరుసగా ఫుట్‌పాత్ మీదే నిలుపుతున్నారు. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ రోడ్డు మీదికి దిగి, వెనక బస్సు హారన్ మోగుతుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచింది. అదే చోట ఎవరైనా మొక్కజొన్న పొత్తుల బండి పెట్టుకుంటే సాయంత్రానికల్లా లారీ వచ్చి బండిని, బొగ్గుల కుంపటిని ఎత్తుకుపోతుంది. వీధి వ్యాపారుల జీవనోపాధిని కాపాడడానికి 2014లో పార్లమెంటు చట్టమే చేసింది. ఫుట్‌పాత్ మీద కార్లు పెట్టుకోవచ్చని ఏ చట్టం చెప్పిందో నాకు తెలియదు.

లోపలికి వెళ్తే మెనూ కాగితం లేదు. బల్ల మీద అతికించిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో తీయాలట. తీస్తే ముందు పేరు, ఫోను నంబరు ఇవ్వమంటుంది. బర్గర్ తినడానికి నా ఫోను నంబరు దేనికి? ఇవ్వకపోతే మెనూ తెరుచుకోలేదు. చివరికి మనవరాలు తన నంబరు ఇచ్చింది. మర్నాటి నుంచి ఆ పిల్లకు రోజూ రాయితీల సందేశాలు వస్తున్నాయి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చిందని మీ పత్రికలోనే చదివాను. ఇక ఆ మెనూలో వెతికినా ఒక్క తెలుగు అక్షరం కనిపించలేదు. హైదరాబాద్ నడిబొడ్డున తెలుగు వచ్చినవాడు ఏం తినాలో తెలుసుకోవడానికి మనవరాలి సాయం కావాలా? ముప్పై నాలుగేళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాడిని, ఈ మాట రాయకుండా ఉండలేను.

బర్గర్‌ను జానెడు ఎత్తున పేర్చి, విడిపోకుండా నడిమధ్య వెదురు పుల్ల గుచ్చి తెచ్చారు. పుల్ల తీయగానే పై బన్ను ఒక పక్కకు జారింది. నోరెంత తెరిచినా పట్టదు. మా ఆవిడ కత్తితో కోయబోతే గుడ్డు సొన, మయోనైజ్ కలిసి చెక్క పళ్లెం అంచు దాటి బల్ల మీదికి కారాయి. పిల్లలిద్దరూ వాళ్లిచ్చిన నల్ల చేతి తొడుగులు వేసుకుని ఇష్టంగా తిన్నారు. రుచి బాగుంది. చికెన్ లోపలి దాకా ఉడికింది, పైన కరకరలాడింది, ఉల్లిపాయలను ఎర్రగా తియ్యదనం వచ్చేదాకా ఓపికగా వేయించారు. వండినవాడికి పని తెలుసు. నా గొడవ వంటతో కాదు.

అయితే ఆ మయోనైజ్ పచ్చి గుడ్డుతో చేశారా అని అడిగాను. వడ్డించే కుర్రాడికి తెలియదు. లోపలికి వెళ్లి వచ్చి కూడా సరైన జవాబు చెప్పలేదు. నగరంలో మోమోలు తిన్నవారు ఆస్పత్రి పాలై, ఒక మహిళ ప్రాణం పోయిన తరువాత పచ్చి గుడ్డు మయోనైజ్‌ను 2024 అక్టోబరు 30న మన ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. అంత జరిగిన ఊళ్లో ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వడ్డించేవాళ్లందరి నాలుక మీదా ఉండాలి.

ఇప్పుడు బిల్లు. నాలుగు బర్గర్లు, ఒక పళ్లెం ఆలూ వేపుడు ముక్కలు, నిమ్మ సోడాలు, నీళ్ల సీసా కలిపి 2,480 రూపాయలు. మామూలు నీళ్లు అడిగితే సీసా మూత తీసి పెట్టారు, దాని ధర ముద్రించిన ధరకు రెట్టింపు. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు అలా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది కనుక దాని జోలికి పోను. ధరలు మెనూలో చూసే తిన్నాం, వాటి మీదా ఫిర్యాదు లేదు. ఆ కింది వరుసలో పది శాతం సర్వీస్ చార్జీ, 248 రూపాయలు. రెండూ కలిపి 2,728 మీద అయిదు శాతం జీఎస్టీ, 136 రూపాయల 40 పైసలు. అంటే నేను ఇవ్వనక్కరలేని సొమ్ము మీద కూడా నా చేత 12 రూపాయల 40 పైసలు పన్ను కట్టించారు.

తీసేయమన్నాను. మేనేజరు వచ్చాడు. మొదట అది ప్రభుత్వ పన్ను అన్నాడు. సర్వీస్ ట్యాక్స్ అనేది ఒకటి ఉండేదని, 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక పోయిందని, సర్వీస్ చార్జీ ఏనాడూ ప్రభుత్వానికి చేరలేదని చెప్పాను. అప్పుడు అది కంపెనీ నిబంధన అన్నాడు. మెనూ అడుగున రాసి ఉందన్నాడు. పక్క బల్లల వాళ్లు తిరిగి చూడడం మొదలుపెట్టారు. మనవరాలు నా చొక్కా చెయ్యి లాగి, "తాతయ్యా, వద్దు, కట్టేసి వెళ్దాం" అంది. దాని మొహం ఎర్రబడింది. సంబరంగా వచ్చిన పిల్ల కళ్లలో నీళ్లు చూసి నేను నోరు మూసుకుని 2,864 రూపాయల 40 పైసలు కట్టాను.

ఈ వసూలు సాగేది ఇందువల్లనే. భార్యాబిడ్డల ముందు, నలుగురి ముందు రెండు వందల కోసం తగువుపడడానికి మర్యాదస్తులెవరికీ మనసొప్పదు. అది హోటలువాళ్లకు బాగా తెలుసు.

సర్వీస్ చార్జీ ఇవ్వడం, ఇవ్వకపోవడం వినియోగదారు ఇష్టమని కేంద్రం 2017 ఏప్రిల్‌లోనే చెప్పింది. వినకపోయేసరికి 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. బిల్లులో దానంతట అది కలపకూడదు, పేరు మార్చి కూడా వసూలు చేయకూడదు, ఇవ్వనన్నవారిని లోపలికి రానివ్వకుండా ఆపకూడదు, భోజనం బిల్లుతో కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. నా బిల్లులో జరిగింది అక్షరాలా ఈ చివరిదే. హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి, కొన్నాళ్లు స్టే నడిచింది. 2025 మార్చి 28న కోర్టు ఆ పిటిషన్లు కొట్టివేసి, రెండు సంఘాలకూ చెరో లక్ష రూపాయల ఖర్చులు విధించింది. ఇంత స్పష్టంగా తేలిన విషయాన్ని తార్నాక నుంచి వచ్చిన ఒక ముసలి పంతులు నిలబడి వివరించాలా? తనిఖీకి వెళ్లే అధికారులు ఎవరూ ఆ హోటళ్లలో బిల్లు అడిగి చూడరా?

మర్నాడు ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాను. ఇది మా పరిధి కాదు, ఇంకో కార్యాలయం చూస్తుంది అన్నారు. అక్కడికి వెళ్తే మొదటి చోటే ఇవ్వాలన్నారు. ఫిర్యాదును జిల్లా కలెక్టరుకూ ఇవ్వవచ్చని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. నేను కాగితం చూపించాక గుమాస్తా దాన్ని నాకే తిరిగి ఇచ్చి, రేపు రమ్మన్నాడు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చన్న సంగతి మా వీధిలో అడిగిన పదిమందిలో ఒక్కరికి కూడా తెలియదు. ఆ అంకెను ప్రతి హోటలు గోడ మీద తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాయించడానికి ఎంత ఖర్చవుతుంది?

వడ్డించిన కుర్రాడు మణిపూర్ వాడట. బయటికి వచ్చేటప్పుడు ఆ చార్జీలో నీకెంత ఇస్తారు బాబూ అని హిందీలో అడిగాను. జీతం తప్ప తనకేమీ రాదని మెల్లగా, లోపలికి చూస్తూ చెప్పాడు. వంద రూపాయలు చేతిలో పెట్టాను. అది నేను ఇష్టంగా ఇచ్చినది.

నేను చదువుకునే రోజుల్లో ఆబిడ్స్‌లో ఇరానీ హోటలుకు వెళ్లేవాళ్లం. ఖీమా కూరిన లుక్మీ తిని, చాయ్ తాగి లేస్తే, మేం గల్లా దగ్గరికి చేరేలోగా సర్వరు అక్కడి నుంచే ఎంతయిందో గట్టిగా అరిచి చెప్పేవాడు. హాలంతా వినేది. ఒక్క పైసా అటూ ఇటూ అయ్యేది కాదు. తిండిలో ఈ ఊరి పేరు ఎంత గొప్పదంటే 2010లో మన హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2019లో యునెస్కో హైదరాబాద్‌ను పాకకళలో సృజనాత్మక నగరంగా గుర్తించింది. ఆ రెండు వార్తలూ కత్తిరించి దాచుకున్నాను. బర్గర్ హోటళ్లు వస్తే నాకు సంతోషమే. కొత్త రుచులు వచ్చినప్పుడల్లా కలుపుకున్న ఊరు ఇది.

మీకు ఒక మనవి. మళ్లీ ఇలాంటి కథనం వేసేటప్పుడు ప్రతి హోటలు పేరు కింద ఒక్క పంక్తి చేర్చండి: బిల్లులో సర్వీస్ చార్జీ కలుపుతారా, లేదా? మీ విలేకరులు తిని వచ్చినప్పుడు ఆ బిల్లు ఎలాగూ చేతికి వస్తుంది. నా బిల్లు నకలు ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను.

భవదీయుడు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
తార్నాక, హైదరాబాద్