ప్రాక్టీసుకి ఒక పోర్టల్ ఇప్పించండి: ఆర్థిక మంత్రి గారికి రాయగడ నుంచి బహిరంగ లేఖ

కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం. మీకు తెలుగు వచ్చన్న ధైర్యంతో తెలుగులోనే రాస్తున్నాను. మాది ఒడిశాలోని రాయగడ. బజారులో తెలుగు, ఒడియా, కువి మూడూ కలిసే వినిపించే ఊరు. ఇక్కడ చాలా ఏళ్లుగా చిన్న అకౌంట్స్ ఆఫీసు నడుపుతున్నాను. కాగితం మిల్లు ఉద్యోగులు, రైల్వేవాళ్లు, స్కూలు మాస్టార్లు, పెన్షనర్లు మా దగ్గర ఆదాయపు పన్ను రిటర్న్‌లు వేయించుకుంటారు. ఏటా మే నెలలో బీకాం పాసైన పిల్లలు ఇద్దరో ముగ్గురో పనికి చేరతారు. జులై 31 లోపు వాళ్ల చేత తప్పుల్లేకుండా రిటర్న్ వేయించాలి. నా గోడు అంతా అక్కడే.

పిల్లలు తెలివితక్కువవాళ్లేం కాదు. స్లాబులు అడిగితే గడగడా చెబుతారు. కొత్త విధానంలో జీతగాడికి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12 లక్షల దాకా పన్ను పడదని వాళ్లే నాకు చెబుతారు. కానీ కాలేజీలో చేసినవి లెక్కలు. నా టేబుల్ ముందు కూర్చునేది మనిషి.

కిందటేడు జరిగింది చెబుతాను. రిటైరైన మాస్టారొకరు పెన్షనూ కోసిన పన్నూ చూపిస్తూ బ్యాంకు ఇచ్చిన ఫారం 16 తెచ్చారు. కొత్తగా చేరిన అమ్మాయి పది నిమిషాల్లో సహజ్ అనే చిన్న రిటర్న్ ఫారం నింపేసి "అయిపోయింది సార్" అంది. ఏఐఎస్, అంటే ఆయన ఆదాయాల గురించి పన్ను శాఖ దగ్గరున్న చిట్టా, చూశావా అన్నాను. దించింది గానీ ఆ పీడీఎఫ్ తెరుచుకోలేదట. పాన్ నంబరు చిన్న అక్షరాల్లో కొట్టి, పక్కనే పుట్టిన తేదీ కలిపితే అదే పాస్‌వర్డ్ అని ఆ పిల్లకి ఎవరు చెప్పారు గనక! తెరిస్తే పార్వతీపురంలో ఇంకో బ్యాంకు డిపాజిట్ వడ్డీ బయటపడింది.

"మాస్టారూ, ఇదేమిటి?"

"అది మా ఆవిడదిలే బాబూ." కాసేపు ఆలోచించి, "కాదు కాదు, మొదటి పేరు నాదే" అన్నారు.

"పొలం ఏమైనా ఉందా?"

"సాలూరు దగ్గర రెండెకరాలు కౌలుకిచ్చాను. పంట డబ్బుకి పన్నేమిటి?"

నిజమే, పన్ను లేదు. కానీ వ్యవసాయ ఆదాయం 5,000 దాటితే సహజ్ కుదరదు, ఐటీఆర్-2 అనే వేరే ఫారం వేయాలి. ఇల్లు ఒడిశాలో, పొలం ఆంధ్రాలో, డిపాజిట్ రెండుచోట్లా. సరిహద్దు మనుషుల బతుకే ఇంత. ఏం అడగాలో తెలియడమే ఈ పనిలో సగం విద్య. అది పుస్తకంలో ఉండదు.

ఇంటిపేరు గొడవ ఇంకొకటి. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు, ఇక్కడి ఆఫీసుల్లో చివర రాస్తారు. పాన్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాస్‌బుక్‌లో ఇంటిపేరు కుదించి పొడి అక్షరంగా ఉంటాయి. రిటర్న్ సరిగ్గానే వెళుతుంది, పేర్లు కలవక బ్యాంకు ఖాతా వ్యాలిడేట్ కాక రీఫండ్ ఆగిపోతుంది. రిటర్న్ వేయించుకున్నాయన రోజూ సాయంత్రం వచ్చి "పడిందా?" అని అడుగుతారు. మా కుర్రాడు పన్ను లెక్క నాలుగుసార్లు సరిచూస్తాడు, పేరు మాత్రం చూడడు.

ఇప్పుడు నా తప్పు కూడా ఒప్పుకుంటాను. కొన్నేళ్ల కింద ఒక లెక్చరర్ గారికి పాత బకాయిలన్నీ ఒకే ఏడాది వచ్చాయి. అలాంటప్పుడు పన్ను భారం తగ్గించే సెక్షన్ 89 రిలీఫ్ వేశాం. దానికి ముందుగా ఫారం 10ఈ దాఖలు చెయ్యాలి. కొత్తగా చేరిన కుర్రాడికి ఆ సంగతి తెలియదు, నేను చూడలేదు, సబ్మిట్ నొక్కేశాం. ప్రాసెసింగ్‌లో శాఖవాళ్లు రిలీఫ్ కొట్టేసి ఇంకా పన్ను కట్టమని డిమాండ్ పంపించారు. తర్వాత సరిదిద్దుకున్నాం గానీ, ఆ మధ్యలో ఆయన పడిన టెన్షన్‌కి లెక్క లేదు. ఇప్పటికీ బజారులో ఎదురైతే తలతిప్పుకుంటారు. తప్పు కుర్రాడిది కాదు. నిజం రిటర్న్ మీద తొలి పాఠం నేర్పించింది నేను.

అమ్మా, ఇదే మిమ్మల్ని అడగదలుచుకున్నది. కారు నేర్చుకునేవాడికి ఎల్ బోర్డు ఉంది. రిటర్న్ నేర్చుకునేవాడికి ఏమీ లేదు. ఆఫ్‌లైన్ యుటిలిటీ అని శాఖవాళ్ల సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో అంకెలు నింపి చూడొచ్చు. కానీ లాగిన్, ఏఐఎస్, ముందే నిండి వచ్చే వివరాలు, ఓటీపీతో ఈ-వెరిఫికేషన్, తర్వాత శాఖ పంపే ఇంటిమేషన్ ఇవేవీ నిజం పాన్ లేకుండా అందులో అనుభవానికి రావు. అసలైన పోర్టల్‌లాంటిదే ఒక ప్రాక్టీసు పోర్టల్ పెట్టించండి. అందులో లేని మనుషుల పాన్‌లు, కావాలని తప్పులు దూర్చిన ఏఐఎస్‌లు, బకాయిలు అందుకున్న టీచరు, కౌలు డబ్బు వచ్చే పెన్షనరు ఉండాలి. 10ఈ మరిచిపోతే అక్కడే డిమాండ్ నోటీసు రావాలి. రిటర్న్ వేశాక 30 రోజుల్లో వెరిఫై చెయ్యకపోతే ఏమవుతుందో అక్కడే తెలియాలి. వివరణలు తెలుగులోనూ ఒడియాలోనూ ఉంటే మా పిల్లలకి ఇంకా మేలు.

ప్రభుత్వం ఇలాంటి బాధ్యత తీసుకోవడం కొత్తేం కాదు. డిగ్రీ చదివినవాళ్లకి శిక్షణ ఇచ్చి రిటర్న్‌లు తయారుచేయించే పథకం 2006లోనే వచ్చింది. చట్టంలో దానికోసం 139బి అని సెక్షన్ కూడా పెట్టారు.

ఈ ఏడాది అవసరం మరీ ఎక్కువ. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. (ఒడిశా పుట్టినరోజు కూడా అదే కాబట్టి ఆ రోజు మాకు సెలవు, కొత్త చట్టం చదువుకుంటూ కూర్చున్నాం.) ఈ వేసవిలో వేసేవి కిందటేటి ఆదాయం రిటర్న్‌లు గనక అవి 1961 చట్టం ప్రకారమే. జీతాల్లో ఇప్పుడు కోసే టీడీఎస్ మాత్రం కొత్త చట్టం కింద. పొదుపుల మినహాయింపుకి సెక్షన్ 80సి అని బట్టీ పట్టిన పిల్లకి అదే కొత్త చట్టంలో 123 అంటే ఏ కాగితం మీద ఏ నంబరు రాయాలో అర్థం కావడం లేదు. నాకూ రెండు మూడుసార్లు తడబాటు తప్పలేదు.

ఇంకొక్క మాట. రీఫండ్‌లో పర్సెంటేజీ తీసుకుని లేని చందాలు, కట్టని ఇంటద్దెలు రాసేసేవాళ్లున్నారు. 2025 జులైలో మీ శాఖ దేశంలో 150 చోట్ల సోదాలు చేసింది ఇలాంటివాళ్ల మీదే. మా కౌంటర్ దగ్గరా "ఫలానా ఆయన నలభై వేలు రప్పించాడు, మీరెందుకు రప్పించరు?" అని అడుగుతారు. ఇరవై రెండేళ్ల పిల్ల, తండ్రి వయసు మనిషికి "రాదు బాబాయ్ గారూ, రాస్తే రేపు రెండు వందల శాతం పెనాల్టీ పడొచ్చు" అని చెప్పాలి. అది కూడా శిక్షణే. దానికి పోర్టల్ అక్కర్లేదు, పక్కన నేనుంటే చాలు.

ఈసారి ఇద్దరు చేరారు. మొదటి పాఠానికి ఎప్పటిలాగే నా సొంత రిటర్న్ ఇచ్చాను. ఒకడు నా పొదుపు ఖాతా వడ్డీ వదిలేశాడు, దొరికింది, దిద్దుకున్నాడు. రెండోవాడు ఇంకా నా టేబుల్ దగ్గరే నిలబడి ఉన్నాడు. వాడికివ్వడానికి నా దగ్గర ఇంకో పాన్ లేదు.

ఇట్లు,
రాయగడలోని ఒక అకౌంట్స్ మాస్టారు