మా చుక్కికి తామర తగ్గింది, సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మొన్న కనుమ నాడు మా మామయ్య గారు మా దూడ చుక్కి ముఖానికి పసుపు రాసి బొట్టు పెట్టారు. రెండు నెలలుగా గ్లవ్స్ లేకుండా మేమెవరం దాని ముఖం ముట్టుకోలేదు. ఆయన చేత్తో నుదురు నిమురుతుంటే అది కళ్ళు మూసుకుని నిలబడిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. సాయం చేసిన వాళ్ళందరికీ ఆ రోజే రాయాలనుకున్నాను, పండగ పనుల్లో ఇవాళ్టికి కుదిరింది. పేర్లు వద్దని ఇద్దరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి గురించో మీకే తెలుస్తుంది.

చుక్కి మా పాకలో పుట్టిన నాటు పెయ్య. నుదుట తెల్ల చుక్క ఉందని మా పాప పెట్టిన పేరు. ఈనిన తొమ్మిదో రోజునే తల్లి చనిపోయింది. ముర్రుపాలు తాగింది గానీ ఆ తర్వాత అంతా సీసా పాలే. మామయ్య గారు అర్ధరాత్రి లేచి పాలు వెచ్చబెట్టి పట్టేవారు. అందుకే దాన్ని ఇంట్లో ఎవరూ పశువుగా చూడరు. మా పాప బడి నుంచి రాగానే సంచి అరుగు మీద పడేసి, దాని మెడకు చెంప ఆనించి ఆ రోజు బడిలో జరిగిందంతా చెప్పేది.

వినాయక చవితి వెళ్ళిన వారానికి ఎడమ కంటి పక్కన రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు ఊడిపోయి బూడిద రంగు పక్కు కట్టింది. వేపనూనె, పసుపు రాశాం. పది రోజులకల్లా మెడ మీద రెండు, చెవి వెనక ఒకటి వచ్చాయి. గజ్జి అని ఒకరు పురుగుల ఇంజెక్షన్ వేశారు, తగ్గలేదు. మందుల షాపులో ఒక క్రీము ఇచ్చారు. రాసిన నాలుగు రోజులు ఎరుపు తగ్గి నున్నగా కనిపిస్తే గండం గడిచిందనుకున్నాం. తర్వాత అంతకు రెట్టింపు పాకింది. అందులో స్టెరాయిడ్ ఉందని, అది చర్మం రోగాన్ని ఎదుర్కొనే శక్తిని తగ్గించి ఫంగస్‌కే మేలు చేస్తుందని నాకు అప్పుడు తెలియదు. కాలిన ఇంజిన్ ఆయిల్ రాయమని చెప్పిన వాళ్ళూ ఉన్నారు. ఒకసారి రాశాం కూడా. దూడ అది నాకితే కడుపులోకి పోయి విషమవుతుందని తర్వాత పశువుల డాక్టరు గారు చెప్పాక చాలా రోజులు నాకు నిద్ర పట్టలేదు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

కార్తీక మాసంలో మా పాప చెంప మీద గుండ్రంగా ఎర్రటి మచ్చ లేచింది. నా మొదటి కృతజ్ఞత విజయవాడలో పాపను చూసిన చర్మవ్యాధుల డాక్టరమ్మకు. ఆవిడ మచ్చ చూసీ చూడగానే "ఇంట్లో దూడ గానీ పిల్లి గానీ ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. "దానికి తగ్గకపోతే పాపకు తగ్గినా మళ్ళీ వస్తుంది, ముందు దూడను చూపించండి" అన్నారు. నేను పాప కోసం వెళితే ఆవిడ మా చుక్కి గురించి పావుగంట కూర్చోబెట్టి అడిగారు.

ఆ సాయంత్రమే పశువుల అంబులెన్సు నంబరు 1962 కి ఫోన్ చేశాను. మర్నాడు బండిలో వచ్చిన డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "గోక్కుంటోందా?" అని. పెద్దగా లేదన్నాను. గజ్జి అయితే దురదకు తట్టుకోలేక రక్తం కారేదాకా ఒళ్ళు రాసుకుంటుందట. ఇది తామరలా ఉంది, కానీ ఇన్ని మందులు పడ్డాక చూపుతో తేల్చకూడదు, పక్కు గీకి పరీక్ష చేయించండి అని గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి పంపించారు. మా వీధి చివరి తమ్ముడు తన ట్రాలీ ఆటోలో గడ్డి పరిచి చుక్కిని తీసుకెళ్ళాడు, డీజిలు డబ్బులు కూడా తీసుకోలేదు. నువ్వు ఆ రోజు కిరాయి మానుకుని వచ్చావని తర్వాత మీ అమ్మ చెబితే తెలిసింది. నీ రుణం ఉంచుకోనురా తమ్ముడూ.

గన్నవరంలో మచ్చ నడిమి నుంచి కాకుండా అంచు నుంచి గీకారు, ఫంగస్ బతికుండేది అంచుల్లోనే అట. ఆ పొట్టు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కాసేపు ఆగి మైక్రోస్కోపులో పెట్టారు. చదువుకుంటున్న ఒక అమ్మాయి నన్ను కూడా చూడమంది. వెంట్రుకకు సన్నటి పూసల దండ చుట్టినట్టు ఉంది. "ఇవేనండి, ఈ పూసలే రాలి ఇంకోచోట మొలుస్తాయి" అంది. ఇన్నాళ్ళూ మేము కంటికి కనబడని దేనితో పోట్లాడుతున్నామో అప్పుడు కళ్ళతో చూశాను. అంతవరకు ఉన్న టెన్షన్ సగం అక్కడే పోయింది. ఆ బిడ్డ మంచి డాక్టరు అవుతుంది.

పెద్ద డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. తామర దూడల్లో మామూలేనని, తిండి బాగుండి ఎండ తగిలితే కొన్ని నెలలకు దానంతట అదే తగ్గడం కూడా ఉందని, కానీ ఇంట్లో చిన్నపిల్లకు అంటుకుంది కాబట్టి ఆగకూడదని అన్నారు. ఏలిక పాములకు మందు తాగించారు, విటమిన్ ఏ ఇంజెక్షన్ వేశారు. గోరువెచ్చని సబ్బు నీళ్ళతో పక్కు నానబెట్టి, గ్లవ్స్ వేసుకుని తీసి, ఆ పక్కును పారేయకుండా కాల్చేయాలి. కంటి దగ్గర తప్ప మిగతా చోట్ల అయోడిన్, ఆరాక క్లోట్రిమజోల్, అదీ మచ్చ దాటి అంగుళం బయటి దాకా. వెంట్రుకలు మొలిచాక కూడా రెండు వారాలు ఆపకూడదు. మోతాదులు మా చుక్కి బరువును బట్టి ఇచ్చినవి, అందుకే ఇక్కడ రాయడం లేదు. మీ దూడను మీ డాక్టరుకే చూపించండి.

ఇంత చేసినా రెండు వారాలకు గంగడోలు మీద కొత్త మచ్చ వచ్చింది. నేను బాగా డీలా పడిపోయాను. ఇప్పుడు రాయబోయే మనిషికి నేను అందరికంటే ఎక్కువ రుణపడి ఉన్నాను. మా రైతు సేవా కేంద్రంలో పనిచేసే పశుసంవర్ధక సహాయకురాలు, పాతికేళ్ళు కూడా ఉండవు. పొద్దున్నే స్కూటీ మీద వచ్చి, చుక్కి దగ్గరికి వెళ్ళకుండా పాకలో గుంజ దగ్గర చతికిలబడి కూర్చుంది. గుంజ నున్నబడిన చోట అతుక్కున్న వెంట్రుకలు చూపించింది. గాడి అంచు చూపించింది. చుక్కిని కట్టే తలుగు తాడు చేతిలోకి తీసుకుని "ఇది ఎక్కడిదండీ?" అని అడిగింది.

అంతకుముందు ఏడాది మేము అమ్మేసిన కోడెదూడది అది. దానికీ చెవుల దగ్గర ఇలాంటి పక్కులే కట్టి వాటంతట అవే పోయాయి, మేం పట్టించుకోలేదు. మామయ్య గారు ఆ మాట చెప్పగానే ఆ అమ్మాయి మాట్లాడకుండా తలుగు తీసి బయట పెట్టింది. ఆ పూసలు కొయ్యలో, తాడులో సంవత్సరాల తరబడి బతికే ఉంటాయట. మేము రోజూ మందు రాసి, మళ్ళీ అదే తాడుతో అదే గుంజకు కట్టేస్తున్నాం.

తలుగు, మెడలోని దిష్టితాడు, ఒళ్ళు రుద్దే పీచు, అన్నీ ఆ రోజే కాల్చేశాం. గుంజ మార్చాం. పాకంతా పేడ ఎత్తి, కడిగి, ఆరాకే బ్లీచింగ్ నీళ్ళు కొట్టాం. "పేడ మీద పోస్తే బ్లీచింగ్ పేడకే సరిపోతుందండీ" అని ఆ అమ్మాయి చీపురు పట్టుకుని తనే మొదలుపెట్టింది. గోడలకు సున్నం వేశాం. చుక్కిని పగలంతా ఎండలో కట్టాం. ఆ తర్వాత ఒక్క కొత్త మచ్చ రాలేదు. డిసెంబరు చివర్లో కంటి పక్కన ఏదో కొత్తగా కనిపిస్తే దగ్గరికెళ్ళి చూశాను, పిల్లల పుట్టువెంట్రుకలంత మెత్తని తెల్లటి నూగు. పాప చెంప కూడా శుభ్రంగా ఉంది.

అమ్మాయీ, నువ్వు ఆ రోజు టీ కూడా తాగకుండా వేరే ఊళ్ళో ఆవు ఈనలేకపోతోందని ఫోన్ వస్తే పరిగెత్తావు. మా అత్తయ్య గారు నీకోసం అరిసెలు డబ్బాలో పెట్టి ఉంచారు. ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనానికి తప్పకుండా రావాలి, మీ అమ్మగారిని కూడా తీసుకురా. చుక్కి కొత్త గుంజ దగ్గరే ఉంటుంది.